కొత్త ముఖం ఎదుట పసిబిడ్డ: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లలో భయాన్ని కొలిచే విధానం

నిన్నమొన్నటి వరకు ఎవరు చేయి చాచినా చంకకెక్కిన బిడ్డ, ఏడెనిమిది నెలలు నిండేసరికి ఒకనాడు పక్కవీధి మనిషిని చూసి తల్లి మెడను వాటేసుకుని ముఖం దాచుకుంటాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు దీన్ని చూసి కంగారు పడరు, "వీడికి కొత్తా పాతా తెలిసింది" అంటారు. ముఖాలను వేరుచేసి గుర్తుపట్టే శక్తి బిడ్డకు అంతకు కొన్ని నెలల ముందే వస్తుంది. ఆ తేడాను బట్టి జాగ్రత్త పడటం మాత్రం ఈ వయసులో మొదలవుతుంది. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తలెత్తే ఈ బెదురు మొదటి ఏడాది చివరికి బలపడి, రెండో ఏడాదిలో చాలామందిలో మెల్లగా సడలుతుంది. అయితే ఇది అందరిలో ఒకే తీరున రాదు. 1973లో రైన్‌గోల్డ్, ఎకర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు అంతవరకు వచ్చిన అధ్యయనాలను తిరగేసి, కొత్తవారిని చూసి స్నేహంగా స్పందించే పసిపిల్లలు కూడా ఎందరో ఉన్నారనీ, భయాన్ని సర్వసాధారణ నియమంగా చెప్పడం తొందరపాటు అనీ వాదించారు.

గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగర్, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో పిల్లల ఎదుగుదలపై పనిచేసే విద్యార్థులు, అంగన్‌వాడీ పర్యవేక్షకులు, బాలల సంస్థల కార్యకర్తలు ఈ బెదురును పద్ధతిగా కొలవాలనుకుంటే ఏమేం చేయాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. మొదటి నుంచి చివరి వరకు ఒక విషయం గుర్తుంచుకోవాలి. భయాన్ని కొలిచే ముందు, ఆ భయం ఎవరిని చూసి కలిగిందో స్థిరపరచాలి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో సవర లేదా కుయి వినిపించే ఈ నేల మీద "కొత్తవారు" అనే మాటకు ఒకే అర్థం లేదు.

మొదటి మెట్టు: కొత్తవ్యక్తిని నిర్వచించండి

చాలామంది ముందు కొలబద్దను వెతుక్కుని, కొత్తవ్యక్తిగా ఆ రోజు ఎవరు ఖాళీగా ఉంటే వారిని పంపుతారు. అలా చేస్తే చివరకు చేతికొచ్చే అంకెకు అర్థం ఉండదు. కొత్తవ్యక్తి ఆడవారా మగవారా, వయసెంత, ఎలాంటి బట్టలు వేసుకున్నారు, ఏ భాషలో పలకరించారు అన్న నాలుగు విషయాలను ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మగవారిని చూసినప్పుడు పిల్లలు ఎక్కువ బెదరడం అనేక అధ్యయనాల్లో కనిపించింది. కొత్తవారు పెద్దవాళ్లయితే వెనక్కి తగ్గిన పసిపిల్లలు, కొత్తవారు చిన్నపిల్లలే అయినప్పుడు ఇష్టంగా చూశారని 1976లో బ్రూక్స్, లూయిస్ చూపించారు. అంటే బిడ్డ స్పందించేది కేవలం "తెలియనితనానికి" కాదు, ఎదుట నిలబడిన ఫలానా మనిషికి.

భాష సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం. ఇంటి భాష మాట్లాడినవారి చేతి నుంచి పది నెలల పిల్లలు బొమ్మను ఎక్కువగా అందుకున్నారని 2007లో కిన్జ్లర్, డుపూ, స్పెల్కీ అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ చేసిన ప్రయోగం చెబుతోంది. కనుక పర్లాకిమిడిలోని తెలుగు ఇంటి బిడ్డను ఒకరోజు ఒడియా మాట్లాడే వ్యక్తితో, మరో బిడ్డను తెలుగు మాట్లాడే వ్యక్తితో పరీక్షించి ఇద్దరి అంకెలనూ పక్కపక్కన పెట్టడం తప్పు. అందరికీ ఒకే భాషనైనా వాడాలి, లేదా భాషను ప్రత్యేక అంశంగా తీసుకుని చీటీలు వేసి సమానంగా పంచాలి. తెలుగు ఎంచుకుంటే అది పుస్తకపు తెలుగు కాకూడదు. ఈ ప్రాంతపు బిడ్డ చెవికి అలవాటైన పలుకుబడిలో, "ఏటమ్మా, ఆడుకుంటన్నావా?" అన్నట్టుగా ఉండాలి.

ఒకే వ్యక్తితో అధ్యయనం మొత్తం నడిపితే మీరు కొలిచింది ఆ ఒక్క మనిషి ముఖాన్ని చూసిన భయమే అవుతుంది. కనీసం ముగ్గురు నలుగురిని తయారుచేసి, ఎవరు ఏ బిడ్డ దగ్గరికి వెళ్లాలో చీటీ ద్వారా నిర్ణయించాలి. వారెవరూ ఆ ఊరివారు కాకూడదు, ఆ వీధిలో అంతకుముందు తిరిగి ఉండకూడదు. ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి. ఏదో ఒక సముదాయపు కట్టును, భాషను "భయపెట్టే వస్తువు"గా వాడే ప్రయోగాన్ని తలపెట్టవద్దు. ఫలానా భాషవారిని చూసి పిల్లలు భయపడతారన్న వాక్యం ఒకసారి అచ్చులోకి వెళితే, అది పక్కపక్క ఇళ్లలో బతికే మనుషుల మధ్య ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు.

రెండో మెట్టు: వయసును రోజుల్లో లెక్కించండి

తొమ్మిది నెలల బిడ్డకూ పదకొండు నెలల బిడ్డకూ మధ్య ఈ విషయంలో ఎంతో తేడా ఉండవచ్చు. "దసరా వెళ్లాక పుట్టాడు", "రజ పండుగకు బోర్లాపడ్డాడు" అని ఇంట్లో చెప్పేది వినండి కానీ దానితో ఆగకండి. మాతాశిశు రక్షణ కార్డు అడిగి పుట్టిన తేదీ రాసుకోండి. ఒడిశాలో ఆ కార్డు ఒడియా లిపిలో ఉంటుంది, చాలామంది తెలుగు తల్లులు దాన్ని చదవలేరు. కాబట్టి బృందంలో ఒడియా చదవగలిగినవారు ఒకరు తప్పకుండా ఉండాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ఆ వారాల తేడాను తీసివేసి సరిదిద్దిన వయసును కూడా పక్కన రాయాలి.

మూడో మెట్టు: అనుమతి

బిడ్డను కొద్దిసేపైనా బెదరగొట్టే పని కనుక నైతిక పరిశీలనా సంఘం ఆమోదం లేకుండా మొదలుపెట్టకూడదు. భారతీయ వైద్య పరిశోధనా మండలి 2017లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ఇంత చిన్న పిల్లల విషయంలో తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతి తీసుకోవాలి. చదవడం రాని తల్లికి విషయమంతా ఆమె భాషలో చదివి వినిపించి, మీ బృందానికి చెందని ఒక సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. ఈ సందర్భంలో "ఆటలాంటిదే" అని తేలిక చేసి చెప్పవద్దు. "మీ బిడ్డ ఏడవవచ్చు, మీరు చాలు అన్న క్షణాన ఆపేస్తాం" అని స్పష్టంగా చెప్పండి. వీడియో ఎవరు చూస్తారో, ఎంతకాలం దాస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో కూడా చెప్పాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి కావాలంటోంది. ఆ దృశ్యాలు బృంద సభ్యుల ఫోన్లలో మిగిలిపోవడం క్షమించరానిది.

దిష్టి గురించిన ఆందోళనను కొట్టిపారేయకండి. పరాయివారు బిడ్డను తదేకంగా చూసి, కాగితం మీద ఏదో రాసుకుంటే ఏ నాయనమ్మకైనా మనసు కీడు శంకిస్తుంది. బుగ్గన చుక్క పెట్టుకోనివ్వండి, పని అయ్యాక దిష్టి తీసుకోనివ్వండి. "బొద్దుగా ఉన్నాడే" వంటి మెచ్చుకోళ్లు నోటి నుంచి రానివ్వకండి. పెద్దావిడ మనసు కుదుటపడితేనే తల్లి మనసు, దానితో బిడ్డ మనసు కుదుటపడతాయి.

నాలుగో మెట్టు: చోటు, సమయం

పరీక్షకు బిడ్డకు తెలిసిన ఇల్లే మంచిది. అంగన్‌వాడీ కేంద్రంలో చేస్తే ఆ చోటు కూడా కొత్తే కావచ్చు, అప్పుడు కొత్త చోటు చేసిన బెదురు, కొత్త మనిషి చేసిన బెదురు కలిసిపోతాయి. బిడ్డ నిద్ర లేచి, పాలు తాగి, కొంతసేపు ఆడుకున్న తరువాతి సమయాన్ని తల్లినే అడిగి నిర్ణయించండి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మొదటి రోజుల్లో ఒక ఊరిలో మేము పంపిన కొత్తవ్యక్తి తెల్లని కోటులాంటి పైవస్త్రం వేసుకుని, భుజాన నీలిరంగు పెట్టెలాంటి సంచి తగిలించుకుంది. వరుసగా నలుగురు పిల్లలు ఆమె గుమ్మం దాటకముందే గుక్కపట్టి ఏడ్చారు. మేము ఆ వీడియోలను చూసుకుని స్పందనలు ఎంత బలంగా వచ్చాయో అనుకుంటుండగా, ఒక ఇంటి అమ్మమ్మ నెమ్మదిగా, "సూదేసినమ్మ అనుకున్నాడు బాబూ" అంది. ఆమె మాట అక్షరాలా నిజం. తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. సరిగ్గా కొత్తవారంటే బెదురు బలపడే వయసు కూడా అదే. పల్లెల్లో టీకాలు వేసే మమతా దివస్ నాడు నీలి టీకా పెట్టెతో వచ్చిన మనిషి ఆ బిడ్డల జ్ఞాపకంలో ఉంది. మేము కొలిచింది కొత్తవారంటే భయం కాదు, సూది జ్ఞాపకం. ఆ నాలుగు వీడియోలనూ పక్కన పెట్టేశాం. అప్పటి నుంచి టీకా వేసిన తేదీని కార్డులో చూసి, కనీసం రెండు వారాలు గడిచాకే వెళ్తున్నాం. తెల్ల బట్టలు, సంచులు, పెట్టెలు, మెడలో వేలాడే గుర్తింపు కార్డులు పూర్తిగా మానేశాం.

బరంపురంలో అయితే రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర రోజులను వదిలేయండి. మొక్కు తీర్చుకునే భక్తులు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరిగే ఆ కాలంలో బిడ్డ ఏం చూసి ఉన్నాడో, దేన్ని తలచుకుని బెదిరాడో తేల్చలేరు.

ఐదో మెట్టు: తల్లిని సిద్ధం చేయండి

మన ఇళ్లలో ఎవరూ ఎక్కువసేపు కొత్తవారిగా మిగలరు. గుమ్మంలో అడుగుపెట్టిన నిమిషంలోపే తల్లి బిడ్డ గడ్డం పట్టుకుని, "అదిగో అత్త వచ్చింది, అత్తకు టాటా చెప్పు" అంటుంది, లేదా "మావయ్య దగ్గరికెళ్తావా?" అని ఊరిస్తుంది. ఆ ఒక్క వరుసతో, ఆ గొంతులోని చల్లదనంతో, పరాయి మనిషి సగం ఇంటి మనిషి అయిపోతాడు. దీనికి విరుద్ధంగా అల్లరి మాన్పించడానికి "బూచోడొచ్చాడు" అనడమూ మనకు అలవాటే. ఈ రెండు మాటల్లో ఏది పడినా కొలత చెడిపోతుంది, ఎందుకంటే ఏమి చేయాలో తోచని బిడ్డ తల్లి ముఖంలో జవాబు వెతుక్కుంటాడు.

ఈ వెతుకులాట ఎంత బలమైనదో 1985లో సార్స్, ఎమ్డీ, క్యాంపోస్, క్లినర్ట్ చేసిన ప్రయోగం చూపించింది. గాజు పలక కింద లోతుగా కనిపించే అంచు దగ్గర ఏడాది వయసు పిల్లలను ఉంచినప్పుడు, తల్లి సంతోషంగా చూసిన 19 మందిలో 14 మంది దాటి వచ్చారు. తల్లి భయం ముఖం పెట్టిన 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు.

కనుక తల్లికి ముందుగా చెప్పాల్సింది ఇది. బిడ్డను ఒడిలో వదులుగా కూర్చోబెట్టుకోవాలి, కొత్తవ్యక్తి ఉన్నంతసేపు మామూలు ముఖంతో ఉండాలి, వరుసలు కలపకూడదు, ముందుకు తోయకూడదు, వెనక్కి లాక్కోకూడదు. బిడ్డ తనంతట తాను పట్టుకుంటే పట్టుకోనివ్వాలి. ఒకసారి మీ బృందంలోని వారినే బిడ్డ స్థానంలో ఊహించి ఆమెతో సాధన చేయించండి. చుట్టుపక్కలవారు కిటికీ దగ్గర గుమిగూడితే వారికి కూడా ఇదే మాట. తల్లి, నాయనమ్మ, పెద్దక్క ముగ్గురూ పెంచుతున్న ఇంట్లో ఎవరి ఒడిలో పరీక్షించారో తప్పకుండా రాయాలి, అందరి విషయంలోనూ ఒకే నియమం పాటించాలి.

ఆరో మెట్టు: డెబ్భై సెకన్లు

ఇక్కడ నేను చెప్పే క్రమం గోల్డ్‌స్మిత్, రాత్‌బార్ట్ రూపొందించిన ప్రయోగశాల స్వభావ పరీక్షల్లోని "కొత్తవ్యక్తి సమీపించడం" అనే ఘట్టపు బాటలోనే ఉంటుంది, అయితే ఇళ్లకు తగినట్టు తగ్గించి మార్చుకున్నది. కొత్తవ్యక్తి కాని బృంద సభ్యులు ఇద్దరు ముందుగా వెళ్లి, పది పదిహేను నిమిషాలు తల్లితో మాట్లాడుతూ బిడ్డ వారికి అలవాటు పడేదాకా ఆగాలి. రెండు కెమెరాలు కావాలి. ఒకటి బిడ్డ ముఖాన్ని దగ్గరగా, రెండోది గుమ్మంతో సహా గదిని చూపాలి. ఫోన్లు చాలు, కానీ చేతితో పట్టుకోకుండా స్థిరంగా నిలబెట్టాలి.

మొదట ఒక నిమిషం కొత్తవ్యక్తి లేకుండా బిడ్డను చిత్రించండి, అది పోల్చుకునే ప్రాతిపదిక. ఆ నిమిషంలోనే బిడ్డ చిరాకుగా ఉంటే ముందుకు సాగకండి, మరో రోజు రండి. తరువాత కొత్తవ్యక్తి గుమ్మంలోకి వచ్చి 10 సెకన్లు మౌనంగా, సౌమ్యంగా నిలబడతారు. ఆపైన నిర్ణయించిన వాక్యంతో పలకరిస్తూ సగం దూరం నడిచి ఆగుతారు, దీనికి 20 సెకన్లు. తరువాతి 20 సెకన్లలో బిడ్డకు మూడడుగుల దూరానికి వచ్చి, బిడ్డ కళ్ల ఎత్తుకు దిగి కూర్చుంటారు. చివరి 20 సెకన్లలో అరచేతులు చాపి "రా" అంటారు. ప్రయోగశాలల్లో కొన్నిసార్లు ఎత్తుకోవడం కూడా ఉంటుంది. మన ఇళ్లలో దాని అవసరం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే చేయి చాచడంతోనే తెలియాల్సింది తెలుస్తుంది, బలవంతంగా ఎత్తుకోవడం బిడ్డ భయాన్ని కొలవడం కాదు, పెంచడం. అంతా అయ్యాక కొత్తవ్యక్తి నిశ్శబ్దంగా వెనుదిరిగి వెళ్లిపోతారు, కెమెరా మరో రెండు నిమిషాలు నడుస్తూనే ఉండాలి. బిడ్డ ఎంత త్వరగా తేరుకుని ఆటలో పడ్డాడన్నది బెదురు అంత విలువైన సమాచారం.

ఆపే నియమం ముందే ఉండాలి. వరుసగా 15 సెకన్లు గట్టిగా ఏడిస్తే, లేదా తల్లి చేయెత్తితే, ఆ క్షణమే ముగించాలి. కొత్తవ్యక్తులు ఈ మొత్తాన్ని గడియారం పెట్టుకుని ఇరవైసార్లైనా సాధన చేయనిదే ఇళ్లకు పంపవద్దు. పలకరింపులో ఒకరు పాట పాడినట్టు, మరొకరు హాజరు పిలిచినట్టు అంటే అవి రెండు వేర్వేరు ప్రయోగాలు.

తల్లి బయటికి వెళ్లి బిడ్డను కొత్తవారితో వదిలే మేరీ ఐన్స్‌వర్త్ "అపరిచిత పరిస్థితి" పరీక్షతో దీన్ని కలపకండి. చాలావరకు మూడేసి నిమిషాల చొప్పున ఎనిమిది అంకాలుగా సాగే ఆ పరీక్ష కొలిచేది తల్లీబిడ్డల అనుబంధాన్ని. తల్లి నుంచి విడిగా ఉండటం అరుదైన జపాన్‌లోని సప్పోరో పిల్లలు ఆ పరీక్షలో విపరీతంగా కలత చెందడం 1980లలో పెద్ద చర్చకు దారితీసింది. పగలంతా తల్లి వీపునో చంకనో ఉండే మన పల్లె బిడ్డల విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరం.

ఏడో మెట్టు: చూసినదాన్ని అంకెలుగా మార్చడం

డెబ్భై సెకన్లను ఐదేసి సెకన్ల ముక్కలుగా విడదీస్తే పద్నాలుగు ముక్కలు వస్తాయి. ప్రతి ముక్కలో నాలుగు వరుసలకు 0 నుంచి 3 వరకు అంకె వేయాలి. ముఖం వరుసలో కనుబొమలు పైకి లేచి దగ్గరపడటం, కళ్లు విప్పారడం, పెదవుల మూలలు వెనక్కి లాగుకోవడం అనే మూడు గుర్తులు చూడాలి. ఒకటి కొద్దిగా కనిపిస్తే 1, రెండు స్పష్టంగా కనిపిస్తే 2, మూడూ కలిస్తే 3. గొంతు వరుసలో చిన్న మూలుగు 1, రాగం తీయడం 2, పూర్తి ఏడుపు 3. శరీరపు బిగువు వరుసలో ఆట నెమ్మదించడం 1, కదలిక ఆగిపోవడం 2, కొయ్యబారిపోవడం లేదా వణకడం 3. తప్పుకోవడం వరుసలో వెనక్కి వాలడం 1, తల్లి వైపు తిరిగి కొంగు పట్టుకోవడం 2, ఒంటిమీదకు పాకి ముఖం దాచుకోవడం 3. వీటితోపాటు చూపు ఎటు ఉంది, చిరునవ్వు ఉందా లేదా అన్నవి విడిగా రాయాలి.

ఇన్ని వరుసలెందుకు, ఏడ్చాడా లేదా చూస్తే చాలదా అని అడిగేవారికి వంశధార ఒడ్డున ఒక ఇంట్లో చూసిన పదినెలల పాపను గుర్తుచేస్తాను. ఆ పాప చేతిలో చిన్న స్టీలు గ్లాసు ఉంది, దాన్ని నేలకేసి కొడుతూ ఆడుతోంది. గుమ్మంలో మనిషి కనిపించగానే గ్లాసు పట్టుకున్న చేయి గాలిలో ఆగిపోయింది. ఏడవలేదు. కింది పెదవి లోపలికి పోయింది, కాలి వేళ్లు ముడుచుకున్నాయి, ఎడమ చేయి తనకు తెలియకుండానే తల్లి చీర కుచ్చిళ్లను గుప్పెట పట్టింది. కొత్తవ్యక్తిని చూసి, తల్లిని చూసి, మళ్లీ కొత్తవ్యక్తిని చూసింది. ఆ మనిషి కిందికి కూర్చున్నాక పాప సన్నగా నవ్వింది, నవ్వుతూనే ముఖాన్ని తల్లి భుజంలో దాచుకుంది, ఒక కన్నుతో తొంగి చూసింది. ఏడుపును మాత్రమే లెక్కించే కాగితం మీద ఈ పాపకు పడేది సున్నా. నిజానికి బిగువు వరుసలో వరుసగా ఆరు ముక్కలకు 2 పడింది. నిశ్శబ్దంగా బిగుసుకుపోయే బిడ్డే ఎక్కువగా మన కళ్లు తప్పించుకుంటుంది. ముఖం తిప్పుకుంటూ నవ్విన ఆ సిగ్గునవ్వును భయంగా రాయకూడదు. వాసుదేవి రెడ్డి 2000లో ప్రచురించిన అధ్యయనం ఇలాంటి సిగ్గునవ్వు రెండు మూడు నెలల పసికందుల్లోనే కనిపిస్తుందని చూపింది. అది వేరే భావం, దానికి వేరే గడి ఉండాలి.

మొత్తం నుంచి మూడు కొలతలు తీయండి: అత్యధిక అంకె, సగటు, తొలి భయచిహ్నం కనిపించడానికి పట్టిన సమయం. వీటిని కూడి ఒకటి చేయడానికి తొందరపడకండి. ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. అసలు భయపడని బిడ్డకు సమయం గడిలో 70 అని రాస్తే, సరిగ్గా డెబ్భయ్యో సెకనులో భయపడినట్టు అవుతుంది, కాబట్టి "70 దాటింది" అని గుర్తుపెట్టి, అలాంటి అసంపూర్ణ సమయాలను లెక్కించే గణాంక పద్ధతినే వాడాలి. రెండోది ఇంకా ప్రమాదకరం. మధ్యలో ఆపేసిన బిడ్డకు మిగిలిన ముక్కల్లో సున్నాలు వేస్తే, అందరికన్నా ఎక్కువగా భయపడిన బిడ్డకు తక్కువ సగటు వస్తుంది. ఆ గడులను ఖాళీగా వదిలి, ఎక్కడ ఆపారో రాయాలి.

ఎనిమిదో మెట్టు: ఇద్దరు చూడాలి, విడివిడిగా చూడాలి

కనీసం ఐదింట ఒక వంతు వీడియోలకు ఇద్దరు వేర్వేరుగా అంకెలు వేయాలి. తల్లి చెప్పిన జవాబులు గానీ, మీరు ఏం ఆశిస్తున్నారో గానీ వారికి తెలియకూడదు. మొదట శబ్దం తీసేసి ముఖం, శరీరం చూడమనండి, తరువాత దృశ్యం కనబడకుండా గొంతు మాత్రమే వినమనండి. లేకపోతే ఏడుపు చెవిన పడగానే ముఖానికి కూడా 3 పడిపోతుంది.

ఇద్దరి మధ్య పొందికను శాతంలో చెప్పి ఊరుకోవడం మోసపోవడమే. ఒక ఉదాహరణ వేసి చూడండి. వంద ముక్కల్లో ఇద్దరూ "భయం ఉంది" అన్నవి 30, ఇద్దరూ "లేదు" అన్నవి 50, మొదటివారు మాత్రమే ఉందన్నవి 8, రెండోవారు మాత్రమే ఉందన్నవి 12 అనుకుందాం. పొందిక 80 శాతం, చూడటానికి బాగానే ఉంది. కానీ మొదటివారు మొత్తం 38 సార్లు, రెండోవారు 42 సార్లు ఉందన్నారు కనుక, కళ్లు మూసుకుని అన్నా కాకతాళీయంగా కలిసే వాటా 0.38ని 0.42తో, 0.62ని 0.58తో గుణించి కూడితే వచ్చే 0.519. దాన్ని 0.80లోంచి తీసివేసి, వచ్చినదాన్ని 1 లోంచి 0.519 పోగా మిగిలిన దానితో భాగిస్తే 0.58 వస్తుంది. 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కాపా అంటే ఇదే. 1977లో లాండిస్, కోచ్ సూచించిన వాడుక ప్రకారం 0.61 నుంచి 0.80 వరకు ఉంటే గట్టి పొందిక, మన 0.58 ఆ గీత కిందే ఉంది. 0 నుంచి 3 వరకు అంకెలున్న చోట, ఒక మెట్టు తేడాను మూడు మెట్ల తేడాతో సమానంగా శిక్షించకుండా తూకం వేసిన కాపా వాడాలి. పొందిక రాకపోతే అంకెలను సర్దవద్దు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఎక్కడ విడిపోయారో ఆ ముక్కను పదేపదే చూపించి, నిర్వచనాన్ని సరిదిద్ది, కొత్త వీడియోలతో మళ్లీ మొదలుపెట్టాలి.

తొమ్మిదో మెట్టు: తల్లికి తెలిసినది

ఒక్క రోజు డెబ్భై సెకన్లు బిడ్డ స్వభావం మొత్తాన్ని చెప్పలేవు. అందుకే తల్లిని అడిగే ప్రశ్నావళి తోడుగా ఉండాలి. మేరీ రాత్‌బార్ట్ 1981లో రూపొందించిన శిశు ప్రవర్తన ప్రశ్నావళి, 2003లో గార్ట్‌స్టైన్‌తో కలిసి సవరించిన రూపంలో, 3 నుంచి 12 నెలల పిల్లలకు వాడుకలో ఉంది. పూర్తి రూపంలో 191 ప్రశ్నలు, సంక్షిప్త రూపంలో 91, అతి సంక్షిప్త రూపంలో 37 ఉంటాయి. "మీ బిడ్డ పిరికివాడా?" అని అడగకుండా, గడిచిన వారంలో ఫలానా పరిస్థితి ఎదురైనప్పుడు బిడ్డ ఎంత తరచుగా ఫలానా పని చేశాడో అడగడం దీనిలోని గొప్పతనం. అనువదించేటప్పుడు ఒకరు తెలుగులోకి, ఆ తెలుగును చూసి మూలం తెలియని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, తేడా వచ్చిన చోట సరిచేయాలి. బెదురు, జడుపు, దిగులు, సిగ్గు అనే నాలుగు మాటలను మన తల్లులు నాలుగు వేర్వేరు సంగతులకు వాడతారు. అనువాదంలో అన్నింటికీ "భయం" అని రాస్తే ఆ తేడాలన్నీ చెరిగిపోతాయి.

ఏడు స్థాయిల జవాబును కాగితం మీద చూపిస్తే చాలామంది తల్లులు ఈ చివరనో ఆ చివరనో ఉన్న జవాబే చెబుతారు. మేము ఏడు చింతపిక్కలను వరుసగా పరిచి, "ఎప్పుడూ లేదంటే ఈ చివర, ప్రతిసారీ అయితే ఆ చివర" అని వేలు పెట్టి చూపించమంటాం. మధ్య పిక్కల మీదకు వేలు రావడం అప్పుడు మొదలవుతుంది. గత వారంలో అలాంటి సందర్భమే రాలేదంటే దాన్ని సున్నాగా కాక "వర్తించదు"గా రాయాలి. వలస పని మీద ఇటుక బట్టీల దగ్గర నుంచి ఈమధ్యే తిరిగి వచ్చిన కుటుంబం అయితే, బిడ్డకు బంధువులు కూడా కొత్తవారే కావచ్చు, ఆ సంగతి విడిగా అడిగి నమోదు చేయండి.

గుండె చప్పుడు, లాలాజలం

పరికరాలు ఉన్నవారికి ఈ కొంచెం చాలు. కొత్త మనిషిని ఆసక్తిగా గమనించే బిడ్డ గుండె వేగం తగ్గుతుంది, భయపడినప్పుడు పెరుగుతుంది. 1975లో క్యాంపోస్ బృందం ఐదు నెలల పిల్లల్లో మొదటిదాన్ని, తొమ్మిది నెలల పిల్లల్లో రెండోదాన్ని చూసింది. అయితే వేలికి తగిలించే చవక పరికరం కదిలే బిడ్డ మీద నమ్మదగిన లెక్క ఇవ్వదు, ఛాతీకి అతికించి గుండె విద్యుత్తును నమోదు చేసే ఈసీజీ పరికరమే కావాలి. లాలాజలంలో దొరికే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ భయం కలిగిన 20 నుంచి 30 నిమిషాల తరువాత గరిష్ఠానికి చేరుతుంది, ఉదయం సహజంగానే ఎక్కువగా ఉంటుంది, తాగిన పాలు ఫలితాన్ని చెడగొట్టవచ్చు. తల్లి ఒడిలో ఉన్న బిడ్డలో అది పెరగకపోవడం కూడా మామూలే. రాయగడ ఎండల్లో నమూనాలను గడ్డకట్టిన స్థితిలో ప్రయోగశాలకు చేర్చే ఏర్పాటు లేకపోతే దీని జోలికి వెళ్లవద్దు.

చివరి మెట్టు: ఫలితాన్ని ఎలా చెప్పాలి

తల్లి తప్పకుండా అడుగుతుంది, "మా వాడు పిరికోడా అండీ?" అని. ఎక్కువ అంకె వచ్చిన బిడ్డకు జబ్బు లేదు, తక్కువ అంకె వచ్చిన బిడ్డ ధైర్యవంతుడని కూడా రుజువు కాలేదు. జెరోమ్ కాగన్ బృందం 1984 నుంచి ప్రచురించిన అధ్యయనాల్లో రెండో ఏట విపరీతంగా వెనక్కి తగ్గే పిల్లల్లో కొందరు మాత్రమే పెద్దయ్యాక కూడా అలాగే ఉన్నారు, చాలామంది మారిపోయారు. ఒక్క పరీక్షలో వచ్చిన అంకెను అంగన్‌వాడీ రిజిస్టర్‌లో బిడ్డ పేరు పక్కన రాయడం నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. ఆ ఊళ్లో ఆ మాట బిడ్డను పదేళ్లు వెంటాడుతుంది. "ఈ రోజు, ఈ కొత్తమనిషి ఎదుట, మీ ఒడిలో ఉండి ఇలా చేశాడు, రెండు నిమిషాల్లో తేరుకున్నాడు" అని ఆమెకు వీడియోనే చూపించి చెప్పండి. పరిశోధన పత్రంలో కూడా కొత్తవ్యక్తి లింగం, భాష, దుస్తులు, ఎవరి ఒడి, టీకా వేసి ఎన్ని రోజులయింది అన్న వివరాలన్నీ అంకెల పట్టిక పక్కనే ఉండాలి.

పని ముగిశాక ఆ కొత్తవ్యక్తిని మళ్లీ ఇంట్లోకి పిలవండి. ఈసారి తల్లిని తన ఇష్టం వచ్చినట్టు "అత్త" అననివ్వండి, "మావయ్య" అననివ్వండి, నీళ్లు ఇవ్వనివ్వండి, బిడ్డ తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా కూర్చోనివ్వండి. ఆ తరువాత ఆ బిడ్డ పేరు ఎదుట ఆ వ్యక్తి పేరును కొట్టివేయండి. ఆరు నెలలకు మళ్లీ కొలవడానికి వెళ్లేటప్పుడు ఆ ఇంటికి వేరొకరిని పంపాలి.